జ్యూరిక్‌లో ఎక్స్ఛేంజ్ సెమిస్టర్, మిగ్రోస్ ఆకుపచ్చ ప్యాకెట్లు: తిండి ఖర్చు మీద ఒక రివ్యూ

జ్యూరిక్‌కి ఎక్స్ఛేంజ్ సీటు వచ్చిన జూనియర్లు నాకు మెసేజ్ పెట్టి అడిగే మొదటి ప్రశ్న కోర్సుల గురించి కాదు, ప్రొఫెసర్ల గురించీ కాదు. "అన్నా, నెలకి ఎంతవుద్ది?" అంతే. ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా రాసి రాసి విసుగొచ్చింది, అందుకే అంతా ఒకచోట పెడుతున్నా.

ఆ ఖర్చులో చాలా భాగం మన చేతిలో ఉండదు. ట్యూషన్ ఫీజు మన కాలేజీకి కట్టేదే, అక్కడ మళ్ళీ అడగరు. గది యూనివర్సిటీల హౌసింగ్ ఆఫీసు ద్వారానో, వోకో అనే స్టూడెంట్ హౌసింగ్ సంస్థ ద్వారానో దొరికితే 600, 700 ఫ్రాంకుల్లో పోతుంది, దొరక్కపోతే బయట వాళ్ళెంత చెబితే అంత. ఆరోగ్య బీమా చట్టం ప్రకారం తప్పనిసరి. పోనీ పార్ట్ టైం చేసి పూడ్చుకుందామా అంటే, మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి మొదటి ఆరు నెలలు పని చేసే వీల్లేదు, తర్వాత కూడా వారానికి 15 గంటలే, ఒక్క సెమిస్టర్‌కి వెళ్ళినవాడికి ఆ ఆరు నెలలు గడిచేసరికి తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది. అంటే తీసుకెళ్ళిన డబ్బుతోనే గట్టెక్కాలి. వీసాకి ఏడాదికి 21,000 ఫ్రాంకుల లెక్కన బ్యాంకులో చూపించమంటారు, ఫ్రాంకు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో ఆ అంకె ఇంట్లో చెప్పాలంటేనే ధైర్యం కావాలి.

ఇక మన తెలివి పనిచేసేది తిండి దగ్గరే. అందుకే ఈ రివ్యూ యూనివర్సిటీ మీద కాదు, కిరాణా మీద: మిగ్రోస్ సూపర్‌మార్కెట్, అందులోనూ ఎం-బడ్జెట్ అని ఆకుపచ్చ ప్యాకెట్లలో వచ్చే సరుకు మీద.

ముందు ఆ దేశంలో ధరలు ఎలా నడుస్తాయో అర్థం చేసుకోవాలి, లేకపోతే మొదటి వారంలోనే జేబు ఖాళీ. స్విట్జర్లాండ్‌లో అన్నీ ఖరీదే అని మనవాళ్ళు అంటారు గానీ అది సగమే నిజం. మనిషి చెయ్యి పడిందల్లా ఖరీదు. కబాబ్ చుట్టి ఇస్తే 12 ఫ్రాంకులు దాటుతుంది, కాఫీ 5 ఫ్రాంకుల చుట్టూ, మగవాళ్ళ క్షవరం 40 ఫ్రాంకుల పైమాట. అదే మిషన్‌లో ప్యాకయ్యి అరలోకి వచ్చిన సరుకు చూడండి: అర కేజీ పాస్తా ఫ్రాంకు లోపు, పాలు లీటరు ఫ్రాంకున్నర అటూ ఇటూ. 2022 లెక్కల ప్రకారం ఆ దేశంలో మధ్యస్థ జీతం నెలకి 6,788 ఫ్రాంకులు. కబాబ్ చుట్టేవాడు కూడా ఆ జీతాల మధ్య ఇల్లు అద్దెకి తీసుకుని బతకాలి కదా, వాడి గంట ఖరీదు మన ప్లేటులోకే వస్తుంది. కాబట్టి సూత్రం సింపుల్, మీ చెయ్యి మీరే పెట్టుకోండి. వంట రాకపోతే విమానం ఎక్కేలోపు పప్పు, చారు, కోడిగుడ్డు కూర నేర్చుకోండి, జర్మన్ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

మిగ్రోస్ కథ కొంచెం తెలిస్తే ఆ షాపు ఎందుకలా ఉంటుందో తెలుస్తుంది. గాట్లీబ్ డుట్‌వైలర్ అనే ఆయన 1925లో ఇదే జ్యూరిక్‌లో ఐదు ఫోర్డ్ బళ్ళు పెట్టి వీధివీధికీ తిరిగి ఆరే ఆరు సరుకులు అమ్మాడు: కాఫీ, బియ్యం, పంచదార, పాస్తా, కొబ్బరి కొవ్వు, సబ్బు. మధ్య దళారుల్ని తీసేసి ధర దించాడు, మామూలు షాపులవాళ్ళు, కంపెనీలు గగ్గోలు పెట్టారు. 1941లో ఆ వ్యాపారాన్ని కొనుగోలుదారుల సహకార సంఘంగా మార్చేశాడు. మందు, సిగరెట్లు అమ్మకూడదని ఆయన పెట్టిన నియమం ఇప్పటికీ అలాగే ఉంది, 2022లో సభ్యుల్ని ఓటు అడిగితే పది ప్రాంతీయ సంఘాలూ మందు వద్దనే చెప్పాయి. అయితే మందు అమ్మే డెన్నర్ అనే చవక షాపుల గొలుసు 2007 నుంచి మిగ్రోస్ చేతిలోనే ఉంది, చాలాచోట్ల రెండూ పక్కపక్కనే ఉంటాయి. నియమం నిలబడింది, వ్యాపారమూ నిలబడింది!

ఎం-బడ్జెట్ 1996లో మొదలైంది. ప్యాకెట్ మీద బొమ్మా లేదు, హంగూ లేదు, ఆకుపచ్చ మీద పేరే మళ్ళీ మళ్ళీ అచ్చేసి ఉంటుంది. మొదట్లో ఆ ప్యాకెట్లు బుట్టలో వేసుకోవడానికి మొహమాటపడే మనవాళ్ళని చూశాను, అక్కర్లేదు, స్విస్ పిల్లలే సరదాగా కొంటారు, దాని ఎనర్జీ డ్రింక్‌కి ప్రత్యేకంగా అభిమానులున్నారు. అరలో కంటికెదురుగా ఉండేది ఖరీదైన రకం, ఆకుపచ్చది తరచుగా కింది అరలోనో మూలనో ఉంటుంది. వంగి వెతకండి.

ఇప్పుడు అసలు సరుకు సంగతి.

పెరుగు. దీని గురించి ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పరదేశంలో మన మనశ్శాంతి సగం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ప్లెయిన్ పెరుగు మీద 'నేచర్' అని ఉంటుంది, అది చూసుకోకపోతే స్ట్రాబెర్రీ పెరుగుతో అన్నం కలుపుకోవాల్సి వస్తుంది. స్విస్ పాలు బాగుంటాయి, పెరుగూ బాగుంటుంది, పులుపు తక్కువ. ప్రతిసారీ డబ్బాలు కొనడం కన్నా ఒక్క డబ్బా కొని, మీగడ తియ్యని పాలు కాచి, గోరువెచ్చగా తోడు పెట్టి, చలికాలమైతే రూమ్ హీటర్ పక్కన తువ్వాలు చుట్టి ఉంచండి, తెల్లారేసరికి గట్టిగా తోడుకుంటుంది. పాల డబ్బా మీద 'ఫోల్‌మిల్ష్' అని ఉంటే వెన్న తియ్యనివి, 'మిల్ష్ డ్రింక్' అంటే కొంత తీసినవి, తోడుకి మొదటిదే. ఇంకో విషయం, 'క్వార్క్' అని ఒక డబ్బా ఉంటుంది, గుడ్డలో కట్టి నీళ్ళు కార్చిన పెరుగులాంటిది, పంచదార, యాలకుల పొడి వేసి కలిపితే శ్రీఖండ్ దగ్గర దగ్గరగా వస్తుంది. మాంసకృత్తులు కావాలనే జిమ్ బ్యాచ్‌కి కూడా ఇదే చవక మార్గం.

నెయ్యి ఇంటినుంచి తీసుకెళ్ళకండి. ఇండియా నుంచి పాలతో, మాంసంతో చేసినవి ఏవీ స్విట్జర్లాండ్‌లోకి తేనివ్వరు, అమ్మ చేసిన పాలకోవా కూడా అందులోకే వస్తుంది. 2020 నుంచి పచ్చి ఆకులు, కూరగాయలు, చాలా రకాల పళ్ళకి కూడా ధ్రువపత్రం లేకుండా అనుమతి లేదు, కాబట్టి కరివేపాకు కట్ట సూట్‌కేసులో దాచే ఆలోచన మానుకోండి. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి తెచ్చుకోవచ్చు, సీసా మూత మాత్రం టేపుతో గట్టిగా చుట్టండి. నెయ్యికి మిగ్రోస్‌లోనే 'బ్రాట్‌బటర్' దొరుకుతుంది, కాచి తీసిన వెన్నే అది. లేదా వెన్న కొని కాచుకోండి, మునగాకు లేదన్న లోటు తప్ప ఇంట్లో కాచినట్టే ఉంటుంది.

బియ్యం ఎం-బడ్జెట్‌లో ఉంటుంది గానీ అది పొడుగు గింజ, ఉడికితే పలుకుపలుకుగా ఉంటుంది, పులిహోరకి బాగు, పప్పన్నానికి అంత కలవదు. ఎర్ర కందులనే మసూర్ పప్పు, శనగలు దొరుకుతాయి. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, కరివేపాకు, పచ్చిమిర్చి లాంటి వాటికి మిగ్రోస్‌ని నమ్ముకోకండి.

వాటికి తమిళ షాపులున్నాయి. శ్రీలంక యుద్ధ కాలంలో శరణార్థులుగా వచ్చిన తమిళులు స్విట్జర్లాండ్‌లో బాగా స్థిరపడ్డారు, వాళ్ళ షాపులే మనకి దిక్కు. జ్యూరిక్‌లో లాంగ్‌స్ట్రాస్సే వైపు వెళితే దొరుకుతాయి. సాంబా బియ్యం, జాఫ్నా కారం, వంకాయలు, మునక్కాడలు, కరివేపాకు అన్నీ ఉంటాయి. ధర చూసి కరివేపాకు రెమ్మకి ఇంతా అని గుండె పట్టుకోకండి, అది విమానంలో వచ్చింది. నేను వెళ్ళే షాపులో పెద్దాయన నన్ను "తంబీ" అంటాడు, నేను ఆయన్ని "అన్నా" అంటాను, నా తమిళం అక్కడితో సరి, అయినా వాడిపోయే దశలో ఉన్న కొత్తిమీర కట్ట ఊరికే సంచిలో పడేసేవాడు. మిగ్రోస్‌లో కొత్తిమీర చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్ముతారు, ఆ డబ్బాతో పచ్చడి చేద్దామంటే రోట్లో కనపడదు.

కూరగాయల్లో క్యారెట్, బంగాళాదుంప, ఉల్లి, క్యాబేజీ ఎప్పుడూ చవక. టమాటా కాలాన్ని బట్టి, చలికాలంలో డబ్బా టమాటా వాడండి, చారుకి తేడా తెలియదు. గుడ్లు స్విస్‌వి బాగా ఖరీదు, దానికి కారణం ఉంది, కోళ్ళని ఇరుకు పంజరాల్లో పెంచడాన్ని 1992 నుంచి పూర్తిగా నిషేధించిన దేశం అది. పెట్టె మీద ఏ దేశానివో రాసి ఉంటుంది, బయటి దేశానివి తక్కువకొస్తాయి.

ఇక మాంసం. ఇక్కడే లెక్కలన్నీ తలకిందులవుతాయి. యూరోపియన్ యూనియన్ సగటుతో పోలిస్తే స్విట్జర్లాండ్‌లో మాంసం ధర రెట్టింపుకి పైనే, ఏ షాపుకి వెళ్ళినా అంతే. దిగుమతుల మీద కోటాలు, సుంకాలు పెట్టి సొంత రైతుల్ని కాపాడుకుంటారు. స్విస్ చికెన్ బ్రెస్ట్ ధర చూసి నేను అది కేజీకా, పెట్టెకా అని రెండుసార్లు చదువుకున్నాను. ఫ్రీజర్‌లో దిగుమతి చికెన్ అందులో సగం కన్నా తక్కువకి దొరుకుతుంది, కూర వండుకునేవాడికి అది చాలు. గొడ్డుమాంసం తిననివాళ్ళు 'రిండ్', పందిమాంసం తిననివాళ్ళు 'ష్వైన్' అన్న మాటలు చూసుకోండి, సాసేజ్‌ల్లో, సూప్ ప్యాకెట్లలో కూడా ఉంటాయి. శాకాహారులకి పసుపు, ఆకుపచ్చ రంగుల్లో 'వి' గుర్తు ఉంటుంది, దాన్ని పట్టుకుని పోతే టెన్షన్ లేదు.

"జర్మనీ వెళ్ళి తెచ్చుకుంటే?" అని ప్రతివాడూ అడుగుతాడు. జ్యూరిక్ నుంచి కాన్‌స్టాంజ్ గంటా పావు రైలు, సరిహద్దు దాటితే అన్నీ చవక, శనివారం సగం స్విట్జర్లాండ్ అక్కడే ఉంటుంది. లెక్క వేసుకుని వెళ్ళండి. బిల్లు 50 యూరోలు దాటితే, స్విట్జర్లాండ్‌లో నివాస పర్మిట్ ఉన్నవాళ్ళకి జర్మన్ వ్యాట్ వెనక్కి వస్తుంది, కస్టమ్స్ దగ్గర కాగితం మీద ముద్ర వేయించుకుని తర్వాత అదే షాపుకి వెళ్ళి తీసుకోవాలి. అయితే తిండి సరుకు మీద అక్కడి పన్ను 7 శాతమే, 50 యూరోల బిల్లుకి చేతికొచ్చేది 3 యూరోల చిల్లర. షాంపూ, సబ్బు, ప్రెషర్ కుక్కర్ లాంటి వాటి మీద 19 శాతం, అవైతే 8 యూరోలదాకా వస్తుంది. ఇటు స్విస్ వైపు 2025 జనవరి నుంచి మనిషికి రోజుకి 150 ఫ్రాంకుల సరుకు వరకే పన్ను లేదు, అంతకుముందు 300 ఉండేది. మాంసం ఒక్క కేజీ దాటితే కేజీకి 17 ఫ్రాంకులు కట్టాలి, అంటే ఆ చికెన్ స్విస్ చికెన్ ధరకే తేలుతుంది. పైగా రైలు ఛార్జీ, హాఫ్ ఫేర్ కార్డు ఉన్నా రానూపోనూ 30 ఫ్రాంకుల దాకా అవుతుంది. నెలకోసారి ఇద్దరు ముగ్గురు కలిసి, బరువైన సామాన్లకి వెళితే లాభం, వారం వారం వెళితే అది షికారు కిందే లెక్క. పాతికేళ్ళలోపు వాళ్ళకి జీఏ నైట్ అనే పాస్ ఉంది, ఏడాదికి 99 ఫ్రాంకులు, రాత్రి 7 నుంచి తెల్లవారుజామున 5 దాకా రైళ్ళలో రెండో తరగతి ఉచితం. అది ఉంటే వచ్చేటప్పుడు సరిహద్దుకి ఇటువైపున్న స్విస్ ఊరు క్రాయిట్స్‌లింగెన్ దాకా నడిచొచ్చి ఏడు దాటాక రైలెక్కండి, ఒకవైపు ఖర్చు మిగులుతుంది. ఎక్కువ ఊళ్ళు చూడాలనుకునేవాళ్ళకి ఈ పాస్ కన్నా మంచి బేరం ఆ దేశంలో నాకు కనబడలేదు.

మళ్ళీ మిగ్రోస్‌కి వద్దాం. చట్టం ప్రకారం ఆదివారం షాపులు మూత, రైల్వే స్టేషన్లలో ఉన్నవి తప్ప. జ్యూరిక్ మెయిన్ స్టేషన్ కింద ఉన్న మిగ్రోస్ ఆదివారం తెరిచే ఉంటుంది, ఊళ్ళో సరుకు మర్చిపోయినవాళ్ళంతా అక్కడే ఉంటారు కాబట్టి తిరనాళ్ళలా ఉంటుంది. దీనివల్ల మనకో లాభం కూడా ఉంది. తేదీ దగ్గరపడిన వాటి మీద 25 శాతం, 50 శాతం స్టిక్కర్లు వేస్తారు, శనివారం సాయంత్రం షాపు మూసే ముందు అవి జోరుగా పడతాయి. బ్రెడ్, సలాడ్, పనీర్‌లా వేయించుకోదగ్గ చీజ్, ఒక్కోసారి చేప కూడా సగం ధరకి దొరుకుతుంది. చేతిలో స్టిక్కర్ల మిషన్ పట్టుకుని తిరిగే ఉద్యోగి వెనకాలే మర్యాదగా, కొంచెం దూరంగా నడిచే విద్యార్థుల గుంపు కనబడితే అందులో సగం మనవాళ్ళే. టూ గుడ్ టు గో యాప్‌లో బేకరీల మిగులు సంచులు కూడా దొరుకుతాయి, ఏం వస్తుందో తెలియదు, నాకు ఎప్పుడూ అవసరానికి మించి తీపి బన్నులే వచ్చేవి.

మిగ్రోస్ వాళ్ళ పాయింట్ల కార్డు పేరు క్యుములస్, ఉచితం, తీసుకోండి. ఫ్రాంకుకో పాయింటు, 500 పాయింట్లకి 5 ఫ్రాంకుల కూపన్, అంటే ఒక్క శాతం. దానికోసం అవసరం లేనివి కొనకండి.

సరుకు తెచ్చుకున్నాక చెత్త ఖర్చు ఉంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. జ్యూరిక్‌లో చెత్త 'జ్యూరి సాక్' అనే నగరపాలక సంచిలోనే వెయ్యాలి, 35 లీటర్ల సంచి ఒక్కోటి దాదాపు 2 ఫ్రాంకులు, చెత్త పన్ను అందులోనే కలిసి ఉంటుంది. షాపులో బిల్లు కౌంటర్ దగ్గర అడిగి తీసుకోవాలి. ప్లాస్టిక్ సీసాలు షాపులోనే ఉన్న పెట్టెలో, గాజు వీధి చివర డబ్బాలో రంగుల వారీగా వెయ్యాలి, ఆదివారం మాత్రం గాజు వెయ్యకూడదు, చప్పుడవుతుంది. వేరు చెయ్యడం నేర్చుకుంటే సంచి రెండు వారాలు వస్తుంది, లేకపోతే 200 రూపాయల సంచిలో ఖాళీ సీసాలు నింపి పారేస్తుంటారు. మంచినీళ్ళు మాత్రం కొననే కొనకండి. ఊళ్ళో 1,200కి పైగా వీధి ఫౌంటెన్లున్నాయి, అన్నిటిలోనూ తాగే నీళ్ళే.

మధ్యాహ్నానికి మెన్సా, అంటే యూనివర్సిటీ క్యాంటీన్, విద్యార్థి కార్డుతో 6 నుంచి 8 ఫ్రాంకుల్లో కడుపు నిండుతుంది. ఆ దేశంలో మనిషి వండిపెట్టే తిండిలో అంతకన్నా చవక లేదు, కానీ రోజూ తింటే నెలకి 150 దాటిపోతుంది. ఇంటినుంచి డబ్బా తెచ్చుకుని మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే వీలుంది, చాలామంది స్విస్ పిల్లలూ అదే చేస్తారు. సాంబారు వేడిచేస్తే వెనక వరసలో ఉన్నవాళ్ళు ఏంటది అని అడుగుతారు తప్ప ముక్కు మూసుకోరు. నేను వారంలో సగం రోజులు డబ్బా, మిగతా సగం మెన్సా అని పెట్టుకున్నాను. అప్పుడప్పుడూ పండగకి హిల్ట్‌ల్‌కి వెళ్ళొచ్చు, 1898 నుంచి నడుస్తున్న శాకాహార హోటల్, ఆ ఇంటి కోడలు 1951లో ఢిల్లీలో జరిగిన శాకాహార మహాసభకి వచ్చి మన మసాలాలు పట్టుకెళ్ళిందట, బఫేలో ఇప్పటికీ మన కూరలు పెడతారు. అయితే అక్కడ ప్లేటు తూకం వేసి డబ్బు తీసుకుంటారు, పెళ్ళి భోజనంలా వడ్డించుకుంటే తూకం దగ్గర తెలుస్తుంది.

గిన్నెలు కొత్తవి కొనకండి. నాయ్‌గాస్సేలో 1904 నుంచి జ్యూరిక్ బ్రాకెన్‌హౌస్ అని పాత సామాన్ల అంగడి ఉంది, స్టేషన్‌కి దగ్గరే, కడాయి, కంచాలు, దుప్పటి, చివరికి చలికోటు కూడా అక్కడే. ప్రెషర్ కుక్కర్ చిన్నది ఇంటినుంచే తీసుకెళ్ళండి. నేనున్న హాస్టల్ వంటింట్లో తిరగమోత వేస్తే పొగ అలారం మోగేది, అందుకని ఆవాలు వేసే ముందు కిటికీ తీసి తలుపు మూసేయడం నలుగురం కలిసి పెట్టుకున్న నియమం.

మొత్తం మీద నా తిండి ఖర్చు మెన్సాతో కలిపి నెలకి 250 నుంచి 300 ఫ్రాంకుల మధ్య నడిచింది. వంట మానేసిన పరీక్షల నెలలో అది ఎంతకి పోయిందో ఇంట్లో చెప్పలేదు.

మార్కులు: పాల సరుకుకి ఐదుకి ఐదు, పాస్తా, బ్రెడ్, దుంపలకి నాలుగున్నర, బియ్యం పప్పులకి రెండు, ఎందుకంటే అవి మనకోసం పెట్టినవి కావు. మాంసానికి మార్కు వెయ్యను, అది షాపు తప్పు కాదు. మొత్తానికి నాలుగు. ఆల్డీ 2005లో, లిడిల్ 2009లో స్విట్జర్లాండ్‌కి వచ్చాక పోటీ బాగా పెరిగింది, మిగ్రోస్ కూడా 2024 నుంచి రోజువారీ సరుకుల ధరలు వాటి స్థాయికి దించుతోంది, కాబట్టి ఇంటికి ఏది దగ్గరైతే అక్కడికే వెళ్ళండి, పది రాప్పెన్ (అక్కడి పైసలు, ఫ్రాంకుకి వంద) తేడాకి ట్రామ్ ఎక్కకండి. తిరిగొచ్చేటప్పుడు చాక్లెట్లు ఎయిర్‌పోర్టులో కొనొద్దు, మిగ్రోస్ సొంత బ్రాండు ఫ్రై ఉంటుంది, చుట్టాలకి బాగా నచ్చుతుంది, ఆకుపచ్చ ప్యాకెట్ చాక్లెట్ అంతకన్నా చవక, హాస్టల్ బ్యాచ్‌కి అది సరిపోతుంది. మిగిలిన క్యుములస్ కూపన్లు ఆ చాక్లెట్ల బిల్లులోనే వాడేయండి, ఇక్కడికొచ్చాక అవి దేనికీ చెల్లవు.